సర్ టెరెన్స్ ఓమీరాగారి ఏకైక కుమార్తె

సర్ టెరెన్స్ ఓమీరా పోయి రెండువందల ముప్పై ఏళ్లు దాటింది. పోయినవాడు పోయినట్టుండక, ఎక్కడో డబ్లిన్ నుంచి లేచొచ్చి మన కందికట్ల స్వరాజ్యం మెడకి చుట్టుకున్నాడు.

ఎవరీయన అంటారా? ఐర్లండు దేశపు పాత పార్లమెంటులో సభ్యుడు. ఆయన నియోజకవర్గంలో మొత్తం ఓటర్లు పదముగ్గురు. అందులో తొమ్మిదిమంది ఆయన కౌలుదార్లు, ఇద్దరు బావమరదులు. మిగిలిన ఇద్దరూ ఎప్పుడో కాలం చేశారు గాని, ప్రతి ఎన్నికకీ తప్పకుండా వచ్చి ఓటేసి వెళ్లేవారు. ఒక్క పదవీకాలంలోనే నాలుగుసార్లు పార్టీ మారాడు. ఎవరి టోపీ బాగుందన్న విషయంలో మాటామాటా పెరిగి, పెద్ద బావమరిదితో పిస్తోళ్లు పట్టుకుని ద్వంద్వయుద్ధానికి దిగాడు. ఇద్దరి గురీ తప్పి, పక్క పొలంలో మేస్తున్న ఆవు చచ్చింది. చివరికి 1793లో ఒక విందులో పందెం వేసి అరవై ఆల్చిప్పలు మింగి, అరవై ఒకటోది చేతిలో ఉండగా కన్నుమూశాడు.

ఇంత ఘనుడు తెలుగు పుస్తకంలోకి ఎందుకొచ్చాడంటే, ఒకసారి మచిలీపట్నం అద్దకం గుడ్డతో కోటు కుట్టించుకుని సభకి వెళ్లి, ఆ గుడ్డ అద్దేవాళ్లని ఈస్టిండియా కంపెనీవాళ్లు పీల్చి పిప్పి చేస్తున్నారని మూడు గంటలసేపు మాట్లాడాడు. ఆ మూడు గంటల పుణ్యాన 1974లో మన పెద్దలు కూర్చుని తయారుచేసిన విజ్ఞాన సర్వస్వం జాబితాలోకి ఎక్కాడు.

కందికట్ల స్వరాజ్యానికి నలభై నాలుగేళ్లు. కాలవ పక్కనున్న సమగ్ర విజ్ఞాన సర్వస్వ సంస్థలో ఉపసంపాదకురాలు. కాంట్రాక్టు ఉద్యోగం. పద్దెనిమిదేళ్లుగా కాంట్రాక్టే. సంస్థ యాభై ఏళ్లు కష్టపడి 'అ' నుంచి 'ఓ' దాకా చేరుకుంది. ఈ 'ఓ' సంపుటిలో ఓడ దగ్గర్నుంచి ఓమ దాకా నాలుగువందల పన్నెండు వ్యాసాలూ స్వరాజ్యం ఒక్కతే రాసింది. కాని కాంట్రాక్టువాళ్ల పేర్లు పుస్తకంలో వెయ్యరు. మొదటి పేజీలో డైరెక్టరుగారి పేరు బొద్దు అక్షరాల్లో ఉంటుంది. దాని కింద శాశ్వత ఉద్యోగుల పేర్లన్నీ ఉంటాయి, డైరెక్టరుగారి కారు తోలే ఆయనతో సహా.

జనవరిలో ఒక మెమో వచ్చింది. మార్చి ముప్పై ఒకటిలోగా ఒక సంపుటిని, అందులోని అన్ని వ్యాసాలూ ఆమోదం పొంది ఉండగా, అప్పగించిన కాంట్రాక్టువాళ్లని పర్మనెంటు చేస్తారు. అప్పగించలేనివాళ్లకి అదే ఆఖరి రోజు. స్వరాజ్యం మెమో మూడుసార్లు చదువుకుంది. నాలుగువందల పదకొండు వ్యాసాలు అప్పటికే ఆమోదం పొందాయి. నాలుగువందల పన్నెండోది, 'ఓమీరా, సర్ టెరెన్స్: జీవితం, కుటుంబం' అన్నది, ఎర్ర ట్యాగు కట్టుకుని వెనక్కొచ్చింది.

"ఇదేంటి సార్, తిప్పి పంపారు?" అని సూపరింటెండెంటు మార్కండేయులుని అడిగింది.

మార్కండేయులు చెడ్డవాడు కాదు. కాగితం మీద లేనిదాన్ని నమ్మడు, కాగితం మీద ఉన్నదాన్ని అనుమానించడు, అంతే. "మృతుడి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం జతచెయ్యలేదమ్మా" అన్నాడు.

"ఎవరి కుటుంబం?"

"వ్యాసం ఎవరి మీద రాశావు? ఆయన కుటుంబమే. తహసీల్దారాఫీసులో ఇస్తారు. దాంతోపాటు వారసుల నిరభ్యంతర పత్రం కూడా పెట్టాలి."

"ఆయన పోయి రెండువందల ముప్పై ఏళ్లయింది సార్!"

"పోయాడనే కదమ్మా అడుగుతున్నాం. బతికుంటే ఎందుకడుగుతాం?"

ఈ నియమం వెనక ఓ కథ ఉంది. మూడేళ్ల కిందట 'ఏ' సంపుటిలో ఒక జమీందారుగారికి ఇద్దరు భార్యలని అచ్చయింది. ఆ మూడోరోజే మూడో భార్య మనవలు రెండు ట్రాక్టర్ల మీద వచ్చి, డైరెక్టరుగారిని కుర్చీలోంచి లేవనివ్వకుండా, మా నాయనమ్మ లేదంటావా అని సాయంత్రం దాకా మర్యాదగా అడిగారు. మర్నాడు సర్క్యులర్ నలభై ఏడు పుట్టింది. ఏ మృతుడి గురించి రాసినా కుటుంబ సభ్యుల ధ్రువపత్రం ఉండి తీరాలి. 'ఓ' సంపుటిలో మనుషులు తొమ్మిదిమందే. ఎనిమిదిమంది చుట్టుపక్కల జిల్లాలవాళ్లు కాబట్టి వారసులు దొరికారు. తొమ్మిదోవాడు ఈ మహానుభావుడు.

స్వరాజ్యం డైరెక్టరుగారి దగ్గరికి వెళ్లింది. డాక్టర్ భుజంగభూషణంగారు మాట్లాడరు, ప్రసంగిస్తారు. భోజనాల దగ్గర చారు అడగడానికి కూడా 'ప్రస్తుత పరిస్థితుల దృష్ట్యా' అని మొదలెడతారని కారు తోలే ఆయన చెప్తుంటాడు.

"చూడమ్మా, మినహాయింపు అనేది సంస్థాగత క్రమశిక్షణకు పట్టే చెద" అన్నారాయన. "ఐర్లండువాడైనా, అద్దంకివాడైనా, నియమావళి ముందు మృతులందరూ సమానులే. ఆ సమానత్వాన్ని భంగపరచమని నన్ను అభ్యర్థిస్తున్నారా?"

"లేద్సార్. పోనీ, ఆ ఒక్క వ్యాసం తీసేద్దామండీ."

ఆ మాట అంటున్నప్పుడు స్వరాజ్యం ప్రాణం ఉసూరుమంది. ఉద్యోగం కోసం అనేసింది గాని, ఆ వ్యాసం తీసెయ్యడమంటే హొనోరాని తీసెయ్యడమే.

హొనోరా సర్ టెరెన్స్ పెద్దకూతురు. భార్య లెటీషియా దొరసానికి ఏడుగురు పిల్లలు. వాళ్లలో ఈ పిల్ల పదిహేనో ఏట నుంచి ముప్పై ఏళ్లపాటు తండ్రి ప్రసంగాలన్నీ రాసింది. ఒకటీ అరా కాదు, అన్నీ. మచిలీపట్నం గుడ్డ మీద మూడు గంటల ప్రసంగం కూడా ఆమె రాసిందే. తండ్రి దానికి గొంతూ, కోటూ ఇచ్చాడు. ఈ సంగతి ఏ చరిత్ర పుస్తకంలోనూ లేదు. ఎక్కడో ఒక లైబ్రరీవాళ్లు నెట్లో పెట్టిన పాత కాగితాల బొమ్మల్ని రెండేళ్లపాటు కళ్లు పోయేలా చూసి స్వరాజ్యం కనిపెట్టింది. చిత్తుప్రతుల అంచుల్లో ఆ పిల్ల చేతిరాతతో 'ఇక్కడ ఆగి నీళ్లు తాగండి నాన్నా', 'ఇక్కడ కోటు చూపించండి', 'ఇక్కడ మీకు కోపం రావాలి' అని ఉంటుంది. అది చదివిన రోజు స్వరాజ్యం ఆఫీసులో కూర్చుని ఏడ్చేసింది. తర్వాత ముఖం కడుక్కుని వచ్చి, హొనోరా గురించి ఏడు పంక్తులు రాసింది. నాలుగువందల పన్నెండు వ్యాసాల్లో ఆ ఏడు పంక్తులంటేనే ఆమెకి ఎక్కువ ప్రేమ.

"జాబితాలోని అంశాన్ని తొలగించే అధికారం సర్వసభ్య మండలికి మాత్రమే దఖలుపడి ఉంది" అన్నారు డైరెక్టరుగారు.

"మండలి ఎప్పుడు సమావేశమవుతుంది సార్?"

"సభ్యులు పదకొండుమంది. తొమ్మిదిమంది స్వర్గస్తులై, ప్రస్తుతం మన సంపుటాల్లో వ్యాసాలుగా ఉన్నారు. మిగిలిన ఇద్దరితో కోరం ఏర్పడదు."

చేసేదేముంది? స్వరాజ్యం మీసేవకి వెళ్లింది. అక్కడ కంప్యూటరు ముందున్న అమ్మాయి చకచకా టైపు చేస్తూ, "మృతుడికి మీరేమవుతారండీ?" అని అడిగింది.

"ఏమీ అవనమ్మా. నేను వ్యాసం రాశాను."

"అలా రాయడానికి లేదండీ. ఇందులో భార్య, భర్త, కొడుకు, కూతురు, తల్లి, తండ్రి. ఈ ఆరే వస్తాయి. ఒకటి నొక్కితేగాని కింది గడి తెరుచుకోదు."

స్వరాజ్యం ఆ ఆరింటినీ ఎగాదిగా చూసింది. భార్య అంటే నవ్వుతారు. తల్లి అంటే తన వయసు మూడువందలు దాటాలి. "కూతురనే నొక్కు" అంది. నొక్కగానే మృతుడి చిరునామా గడిలో స్వరాజ్యం ఇంటి నంబరు దానంతటదే వచ్చి కూర్చుంది. పిల్లలు ఉన్నచోటే తల్లిదండ్రులూ ఉంటారని ఆ కంప్యూటరు నమ్మకం. ఆ విధంగా సర్ టెరెన్స్ ఓమీరా కూరల మార్కెట్ వెనకవీధిలో, 12-4-31 నంబరు ఇంట్లో కాపురానికి దిగాడు.

పది రోజుల తర్వాత వీఆర్వో దావీదు విచారణకి ఆ ఇంటికొచ్చాడు. అరుగు మీద స్వరాజ్యం తండ్రి కోటిలింగం కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. కోటిలింగం నలభై ఏళ్లు ఒక ప్రెస్సులో కంపోజిటరుగా సీసం అక్షరాలు పేర్చి రిటైరయ్యాడు. ఇప్పటికీ పేపరు చేతికొస్తే ముందు అచ్చుతప్పులు చూసి, ఆ తర్వాత వార్తలు చదువుతాడు.

"మృతుడు మీకు తెలుసాండీ?" అని దావీదు కాగితాలు తెరిచాడు.

"తెలియకపోవడమేంటండీ! రెండేళ్లనుంచి ఈ ఇంట్లో పొద్దున్న లేస్తే ఆయన గొడవే."

'మృతుడు గత రెండేళ్లుగా సదరు ఇంట్లో నివాసం' అని దావీదు రాసుకున్నాడు. "మనిషి ఎలాంటివాడు?"

"ఎలాంటివాడని చెప్పమంటారు? పూటకో పార్టీ. బావమరదులతో తగువులు. తిండి దగ్గర ఆగడు. అదే ప్రాణం మీదికొచ్చింది."

"పోయాడంటారు?"

"పోయాడనే విన్నానండి."

"మీరాయనకి ఏమవుతారు?"

"నేనా? నేను స్వరాజ్యం వాళ్ల నాన్ననండీ."

దావీదు కలం ఆగిపోయింది. కాగితం వంకా, కోటిలింగం వంకా మార్చి మార్చి చూశాడు. "దరఖాస్తు ప్రకారం ఆవిడ తండ్రి చనిపోయాడండీ."

"నేను ఇక్కడే ఉన్నాను కదండీ!"

"మీరున్నట్టు కాయితం ఏమన్నా ఉందా?"

"పింఛనుకోసం నవంబరులో ఇచ్చానండి, బతికున్నానని."

"అది నవంబరు సంగతి. నేను ఇవాళ్టి సంగతి రాయాలి."

లోపల్నుంచి టీ పట్టుకొచ్చిన స్వరాజ్యం సిగ్గుతో చచ్చిపోయింది. సంగతంతా చెప్పుకొచ్చింది. దావీదు ఓపిగ్గా విన్నాడు. విన్నది రాసుకోడానికి ఫారంలో చోటు లేదు గనక ఏమీ రాసుకోలేదు. "పెద్దాయన్ని ఇరుగుపొరుగు సాక్షిగా వేస్తానమ్మా. ఆయనకీ గౌరవంగా ఉంటుంది, మీకూ పని జరుగుతుంది" అన్నాడు. కోటిలింగం కళ్లజోడు సవరించుకుని, స్వరాజ్యం తండ్రి చనిపోయిన మాట వాస్తవమని సాక్షి సంతకం పెట్టాడు. పెట్టేముందు 'మృతుడు' అన్నచోట వట్రసుడి జారిపోయిందని దిద్దాడు కూడా. రెండో సాక్షి పక్కింటి దుర్గాంబ. "రోజూ చూసే మనిషే పాపం" అంటూ వేలిముద్ర వేసింది.

"మృతుడికి ఇతర కుటుంబ సభ్యులు?"

స్వరాజ్యం ఆశగా ముందుకొచ్చింది. "భార్య లెటీషియా. పిల్లలు ఏడుగురు. పెద్దమ్మాయి హొనోరా..."

"వాళ్ల ఆధార్లు ఇవ్వండి."

"వాళ్లకి ఆధార్లు ఎక్కడుంటాయండీ?"

"ఆధార్ లేనివాళ్లని కుటుంబంలో చేర్చడానికి లేదమ్మా" అని దావీదు సంచీ సర్దుకున్నాడు.

నెలరోజులు అభ్యంతరాలకోసం తహసీల్దారాఫీసు గోడకి నోటీసు అంటించారు. మార్చి మూడో తారీఖున విచారణ. తహసీల్దారు నాగరత్నమాంబగారు నిక్కచ్చి మనిషి. బంట్రోతు వరండాలోకి వెళ్లి గొంతు చించుకుని అరిచాడు: "సర్ టెరెన్స్ ఓమీరా హాజర్ హో! సర్ టెరెన్స్ ఓమీరా! ఓమీరా ఎవరండీ, ఉన్నారా?" వరండాలో ముప్పైమంది ఉన్నారు. ఒకాయన అలికిడికి నిద్రలేచి చెయ్యెత్తాడు గాని, ఆయన పొలం సరిహద్దు తగువుకోసం వచ్చిన మనిషి.

"మృతుడు తాను మృతుడు కానని అభ్యంతరం తెలుపుటకు తగు అవకాశం కల్పించినప్పటికీ స్వయంగా గాని, వకీలు ద్వారా గాని హాజరు కానందున, ఆయన మరణము నిర్ధారించడమైనది" అని నాగరత్నమాంబగారు చెప్తుంటే గుమస్తా రాసుకున్నాడు. ఆవిడ స్వరాజ్యం వైపు తిరిగి, గొంతు తగ్గించి, "ధైర్యంగా ఉండమ్మా. మా నాన్నగారు పోయి కూడా ఏడాదే అయింది" అంది. ఆ ఆదరణకి స్వరాజ్యం కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి. అది చూసి ఆఫీసులో ఎవరికన్నా రవ్వంత అనుమానం మిగిలుంటే అదీ పోయింది.

ధ్రువపత్రం మీద మూడే మూడు పంక్తులు. మృతుడు: సర్ టెరెన్స్ ఓమీరా. కుటుంబ సభ్యులు: కందికట్ల స్వరాజ్యం, కుమార్తె. ఇతరులు: లేరు.

'మా తండ్రిగారి గురించి నేను వ్రాసిన వ్యాసము పట్ల నాకు ఎట్టి అభ్యంతరమూ లేదు' అని స్వరాజ్యం స్టాంపు కాగితం మీద తనకి తనే హామీ ఇచ్చుకుంది. ఫైలు మార్కండేయులు బల్లమీద పెట్టి హమ్మయ్య అనుకుంది. సరిగ్గా వారానికి పైనుంచి ఉత్తర్వు దిగింది. కాంట్రాక్టు ఉద్యోగుల క్రమబద్ధీకరణ తక్షణం నిలిపివేయడమైనది. అందరికీ మార్చి ముప్పై ఒకటే ఆఖరు. సంపుటి ఇచ్చినవాళ్లకీ, ఇవ్వనివాళ్లకీ తేడా లేదు.

స్వరాజ్యం కుర్చీలో కూలబడిపోయింది. పద్దెనిమిదేళ్లు! ఓడ గురించి రాయడానికి రేవుల వెంబడి తిరిగింది. ఓమ గురించి రాయడానికి పొలాల వెంబడి తిరిగింది. ఒక అక్షరం మొత్తాన్ని ఒంటిచేత్తో మోసింది. మరో పదిహేను రోజుల్లో ఇంటికి పొమ్మంటున్నారు. ఒళ్లు మండి అక్కడికక్కడే ఫైలు కాలవలో గిరాటేద్దామా అనిపించింది.

మార్కండేయులుకి మనసు పట్టలేదు. రెండ్రోజులు నియమావళి పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాడు. మూడోరోజు ధ్రువపత్రం చేత్తో పట్టుకుని, మొహం ఇంత చేసుకుని వచ్చాడు.

"అమ్మా స్వరాజ్యం! మీ నాన్నగారు ఏం ఉద్యోగం చేసేవారు?"

"కంపోజిటరు సార్."

"ఆయన కాదమ్మా. ధ్రువపత్రంలో ఉన్నాయన."

"ఓ, ఆయనా? పార్లమెంటు సభ్యుడు. పోయేనాటికి రెవెన్యూ కమిషనరు కూడా."

"ఏ ప్రభుత్వంలో?"

"ఇంగ్లండు రాజు ప్రభుత్వంలో."

"మనల్ని ఏలింది ఎవరు? ఆ రాజులే కదా! ఆ ప్రభుత్వం బాధ్యతలన్నీ మన ప్రభుత్వానికే సంక్రమించాయి. అంటే మీ నాన్నగారు మన రెవెన్యూ శాఖలో సర్వీసులో ఉండగా కాలం చేశారన్నమాట. నువ్వు ఏకైక వారసురాలివి. కారుణ్య నియామకం కింద నీకు ఉద్యోగం రావాలి! కారుణ్య నియామకాల మీద నిషేధం లేదు!"

స్వరాజ్యం నోరెళ్లబెట్టింది. ఇదేం చోద్యం! పనిచేసినందుకు రాని ఉద్యోగం ఎవడో ఆల్చిప్పలు తిని చచ్చినందుకు వస్తుందా?

వచ్చేలాగే ఉంది. డైరెక్టరుగారు ఫైలు చూసి పులకించిపోయారు. "కారుణ్యమే ఈ సంస్థకు ఊపిరి. ఒక దివంగత ప్రజాసేవకుని నిరాధార కుమార్తెను వీధిన పడవేసే కఠిన హృదయం మనకు లేదు" అంటూ ఆకుపచ్చ సిరాతో సంతకం చేశారు. జూనియర్ అసిస్టెంటు. శాశ్వత ఉద్యోగం. సంపుటి మొదటి పేజీలో పేరు కూడా వేస్తారు. మార్కండేయులు మాత్రం వెళ్లబోతున్న స్వరాజ్యాన్ని ఆపి, 'ఓమీరా' వ్యాసం ప్రూఫు చేతిలో పెట్టాడు.

"ఒక్క చిన్న సవరణమ్మా. ధ్రువపత్రానికీ వ్యాసానికీ తేడా ఉంటే ఆడిటువాళ్లు రెండూ కొట్టేస్తారు. నియామకం కూడా పోతుంది. ధ్రువపత్రంలో భార్య లేదు. వ్యాసంలో ఉంది. ఇక్కడ ఒకే కూతురు, స్వరాజ్యం. అక్కడేమో ఏడుగురు. ఈ లెటీషియాని, ఈ హొనోరాని, మిగతావాళ్లని తీసేసి నీ పేరు వేసెయ్యి."

"హొనోరాని తీసెయ్యడమేంటి సార్? ఆయన ప్రసంగాలన్నీ రాసింది ఆమే కదా!"

"అయితే స్వరాజ్యం రాసిందని మార్చు. ఎవరడిగారు?"

ఆ సాయంత్రం స్వరాజ్యం ప్రూఫు ముందు పెట్టుకుని, ఎర్ర పెన్సిలు పట్టుకుని కూర్చుంది. ఆ ఏడు పంక్తులమీద ఒక్క గీత చాలు. ఎన్నో గీతలు గీసింది తను, ఎంతోమంది రాసినవాటిమీద. ఈ గీతకి మాత్రం చెయ్యి రాలేదు. పోనీ తన పేరు వేసుకుంటే? అది ఇంకా పాడు పని. రెండువందల ఏళ్ల కిందట ఆ తండ్రి చేసిందే మళ్లీ తను చేసినట్టవుతుంది. పోనీ వద్దని చెప్పేస్తే? వ్యాసం ఎలాగూ మార్కండేయులే సరిదిద్దిస్తాడు. హొనోరా పోతుంది, ఉద్యోగమూ పోతుంది.

కోటిలింగం మంచినీళ్ల చెంబు తెచ్చి పక్కన పెట్టాడు. "ఏమైందే?"

చెప్పింది. ఆయన ప్రూఫు తీసుకుని, అలవాటుగా ఒకసారి అచ్చుతప్పులకోసం, ఒకసారి అర్థంకోసం చదివాడు.

"ధ్రువపత్రంలో పేరు మారితే?" అంది స్వరాజ్యం నెమ్మదిగా. "గెజిట్లో వేయించుకుంటే ఎవరైనా పేరు మార్చుకోవచ్చు నాన్నా. నేను హొనోరా అని మార్చుకుంటే... ఏకైక కుమార్తె పేరు హొనోరా అవుతుంది. ఆ ఏడు పంక్తులూ అలాగే ఉంటాయి. ఉద్యోగమూ ఉంటుంది."

"నీ పేరు?"

స్వరాజ్యం పెన్సిలు కింద పెట్టింది. ఆ పేరు కోటిలింగం తల్లిది. ఏదో ఒకరోజు ఆ పేరు పుస్తకంలో మొదటి పేజీమీద చూసుకోవాలని పద్దెనిమిదేళ్లుగా ఆయన కాచుకుని ఉన్నాడని ఆమెకి తెలుసు.

"నలభై ఏళ్లు ఎవరెవరి పేర్లో పేర్చాను" అన్నాడు కోటిలింగం. "మంత్రులవీ, పెళ్లికొడుకులవీ, పోయినవాళ్లవీ. నా పేరు ఎవడూ వెయ్యలేదు. నేనూ అడగలేదు. నీది చూసుకుందామనుకున్నా, కాదనను. బాధగానే ఉంది." ప్రూఫు తిరిగి ఆమె ఒళ్లో పెట్టాడు. "ఈ పిల్ల ముప్పై ఏళ్లు రాసింది కదే. పోనీ, దీనిదైనా ఉండనీ."

గెజిటు పన్నెండు రోజుల్లో వచ్చింది. 'కందికట్ల స్వరాజ్యం అను నేను ఇకమీదట ఓమీరా హొనోరా అని పిలువబడుదును.' మార్కండేయులు గెజిటునీ, ధ్రువపత్రాన్నీ, వ్యాసాన్నీ పక్కపక్కన పెట్టుకుని గంటసేపు తప్పుకోసం వెతికాడు. ఒక్కటీ దొరకలేదు. "భేష్. ఇప్పుడు అంతా నిజమే" అని గుండ్రటి ముద్ర వేశాడు. లెటీషియానీ, మిగతా ఆరుగురు పిల్లల్నీ మాత్రం స్వరాజ్యం కాపాడలేకపోయింది. ఒక మనిషి దగ్గర ఒక పేరే ఉంటుంది మరి.

'ఓ' సంపుటి అచ్చయింది. 'ఆయన ఏకైక కుమార్తె హొనోరా ముప్పై సంవత్సరాలపాటు తండ్రి ప్రసంగాలన్నింటినీ రచించినది' అన్న వాక్యంతో మొదలయ్యే ఏడు పంక్తులూ, ఒక్క అచ్చుతప్పు లేకుండా, రెండువందల ముప్పై ఏళ్ల తర్వాత మొదటిసారి ఒక పుస్తకంలోకి ఎక్కాయి. ఆవిష్కరణ సభలో డైరెక్టరుగారు ఈ సంపుటికోసం తాను పడిన శ్రమ గురించి గంటన్నర ప్రసంగించారు. ఆ ప్రసంగం స్వరాజ్యమే రాసిచ్చింది.

ఏప్రిల్ ఆఖరి సోమవారం జూనియర్ అసిస్టెంటుగా చేరడానికి వెళ్లింది. అదే మెట్లు, అదే బల్ల. మార్కండేయులు లేచి నిలబడి నవ్వుతూ హాజరుపట్టీ తెరిచి ముందు పెట్టాడు. ఆమె కలం తీసి, పద్దెనిమిదేళ్ల అలవాటుకొద్దీ, గబగబా సంతకం చేసేసింది.

మార్కండేయులు వంగి చూసి నాలిక కరుచుకున్నాడు. "అయ్యయ్యో! ఇదెవరి సంతకమమ్మా? ఆవిడ కాంట్రాక్టు మార్చి ముప్పై ఒకటితో అయిపోయింది కదా. ఆ పేరుగలవాళ్లు ఇప్పుడు మన సంస్థలో ఎవరూ లేరు."

ఆమె ఒక్క క్షణం ఆ సంతకం వైపు చూసింది. తర్వాత స్వరాజ్యం అన్న మూడక్షరాల మీదా అడ్డంగా ఒక గీత గీసి, పక్కన హొనోరా అని రాసింది.